హక్కుకు బొమ్మ గీయడం ఎలా? విశాఖ గోడలు చెప్పేవీ, చెప్పనివీ

నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవం. డిసెంబర్ 10 మానవ హక్కుల దినం. జనవరి 25 ఓటర్ల దినోత్సవం, మర్నాడే రిపబ్లిక్ డే. విశాఖలో చలికాలం అంటే స్కూళ్లకూ కాలేజీలకూ పోస్టర్ పోటీల సీజన్. పోటీ అయిపోయాక చార్టులన్నీ హాల్లో నేలమీద పరిచి చూడండి. సంకెళ్లు తెంచుకుంటున్న రెండు చేతులు, పైన పావురం. కళ్లకు గంతలు కట్టుకున్న న్యాయదేవత. రెండు అరచేతుల మధ్య భూగోళం. సిరా చుక్క పెట్టిన వేలు. కింద రాసిన నినాదాన్ని అట్టముక్కతో కప్పేస్తే, ఆ బొమ్మ మానవ హక్కుల గురించో పర్యావరణం గురించో పోల్చుకోవడం కష్టం.

ఇందులో పిల్లల తప్పేం లేదు. పెద్దవాళ్లు గీసినా, ఏదైనా శాఖ కాంట్రాక్టుకిచ్చి గీయించినా దాదాపు ఇవే వస్తాయి. బాధ్యతను గీయడం సులువు: చెత్తబుట్టలో కాగితం వేస్తున్న చెయ్యి, హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు. హక్కు అలా కాదు. ఉన్నంతసేపూ అది కంటికి కనబడదు, ఎవరైనా లాక్కున్నప్పుడే తెలుస్తుంది. అందుకే హక్కుల గురించి వేసిన బొమ్మలు చాలావరకు హక్కు పోగొట్టుకున్న మనిషి బొమ్మలే అవుతాయి. చిక్కులన్నీ అక్కణ్ణుంచే మొదలవుతాయి.

మానవ హక్కు, ప్రాథమిక హక్కు, అవగాహన: ఏది ఏమిటి

మనిషిగా పుట్టినందుకే దక్కేవి మానవ హక్కులు. ఏ ప్రభుత్వమూ దయతలచి ఇచ్చేవి కావు. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబర్ 10న ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన వీటిని 30 అధికరణాల్లో చెప్పింది. అందులో 19వది ఏ మాధ్యమంలోనైనా అభిప్రాయం చెప్పుకునే స్వేచ్ఛ గురించి, 27వది కళల్లో, సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకునే హక్కు గురించి. అంటే బొమ్మ హక్కుల ప్రచారానికి పనిముట్టు మాత్రమే కాదు, బొమ్మ వేసుకోవడం కూడా ఒక హక్కే.

అయితే ప్రకటన ప్రకటనే. ఇక్కడ కోర్టు మెట్లెక్కి అమలు చేయించుకోగలిగినవి రాజ్యాంగం మూడో భాగంలోని ప్రాథమిక హక్కులు. వాటికోసం 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. 1993 చట్టంతో వచ్చిన జాతీయ, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్లు విచారణ జరిపి సిఫార్సు చేస్తాయి, కోర్టులా తీర్పు చెప్పవు. ఈ తేడా తెలియకపోతే పోస్టర్ మీద ఏ నంబరు రాయాలో, ఏ తలుపు తట్టమని చెప్పాలో తెలియదు.

ఇక అవగాహన. ఈ మాటను అందరూ వాడతారు గానీ అందులో మెట్లున్నాయని తక్కువమంది గుర్తిస్తారు. అరెస్టు సంగతే తీసుకుందాం. అరెస్టయిన మనిషికి హక్కులుంటాయని తెలియడం మొదటి మెట్టు. 'మా తమ్ముణ్ణి నిన్న సాయంత్రం ఆరింటికి తీసుకెళ్లారు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, అంటే ఇవాళ సాయంత్రం దాకే గడువు' అని లెక్క వేసుకోగలగడం రెండోది. పెట్టకపోతే ఎవరి దగ్గరికి పరిగెత్తాలో తెలియడం మూడోది. మన పోస్టర్లు నూటికి తొంభై మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి.

మూడో మెట్టు దాకా వెళ్లిన పోస్టర్ ఒకటుంది. దాన్ని కోరింది ఏ చిత్రకారుడో కాదు, సుప్రీంకోర్టు. పరంవీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబర్ 2న ఇచ్చిన తీర్పు ప్రతి పోలీస్ స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టమంది. అక్కడితో ఆగకుండా, స్టేషన్ గుమ్మం దగ్గరా లోపలా ఇంగ్లిష్, హిందీ, స్థానిక భాషల్లో పెద్ద పోస్టర్లు ఉండాలంది. హక్కుల ఉల్లంఘన జరిగితే కమిషన్‌కో, మానవ హక్కుల కోర్టుకో, ఎస్పీకో ఫిర్యాదు చేయొచ్చని వాటిమీద స్పష్టంగా రాయాలంది. పావురం లేదు, సంకెళ్లు లేవు. కానీ ఎక్కడ కావాలో అక్కడ ఉండమన్నారు. మీకు దగ్గరి స్టేషన్లో ఆ పోస్టర్ ఉందా, తెలుగులో ఉందా అన్నది ఎవరికి వారు చూసుకోవచ్చు.

చదువురాని ఓటరు కోసం పుట్టిన బొమ్మలు

మన ప్రజాస్వామ్యం నడిచిందే బొమ్మ సాయంతో. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిది మందే. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దానిమీద గుర్తు. పేరు చదవలేని మనిషి కూడా తన పెట్టె ఏదో పోల్చుకుని కాగితం అందులో వేసి వచ్చాడు. ఎడ్ల జత, గుడిసె, కంకి కొడవలి లాంటి గుర్తులు కళాఖండాలేమీ కావు. ఎవరో కూర్చుని పెన్సిల్‌తో గీసిన చిన్న గీతల బొమ్మలు. అయినా ఓటు హక్కును వాడుకోగలిగేలా చేసిన దృశ్యకళ ఈ దేశంలో దీన్ని మించింది లేదని నా లెక్క.

ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో నోటా వచ్చినప్పుడు ఆ బటన్ పక్కన అక్షరాలే ఉండేవి. చదవడం రానివాళ్లకు 'వీళ్లెవరూ వద్దు' అనే అవకాశం ఉన్నట్టా లేనట్టా? 2015లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ గీసిన గుర్తు వచ్చింది: బ్యాలెట్ కాగితం, దానిమీద ఇంటూ. అదే ఏడాది నుంచి ఒకే పేరున్న అభ్యర్థుల గందరగోళం తగ్గించడానికి ఈవీఎం మీద ఫొటోలు పెట్టారు. ఇంటిపేరు ఒకటే ఉన్నవాళ్లను వెతికి వెతికి నిలబెట్టే విద్య తెలిసిన మన రాష్ట్రాల్లో దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. 2024లో జనసేన పోటీలో లేని కొన్ని చోట్ల గాజు గ్లాసు గుర్తును స్వతంత్రులకు ఇవ్వడంతో గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. గుర్తు ఎవరిది, దాన్ని చూసి ఓటరు ఏమనుకుంటాడు అన్నది అంత బరువైన ప్రశ్న మరి.

రాజ్యాంగం అసలు ప్రతిలో ఉన్న బొమ్మలు

1950 జనవరి 24న సభ్యులు సంతకాలు చేసిన రాజ్యాంగ ప్రతి అచ్చుది కాదు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాశారు. నందలాల్ బోస్, ఆయన శాంతినికేతన్ బృందం బొమ్మలు వేశారు. పీఠిక పేజీ అలంకరణ బెవహర్ రామ్మనోహర్ సిన్హాది. సింధు నాగరికత ముద్ర నుంచి బుద్ధుడు, అక్బర్, టిప్పు సుల్తాన్, ఝాన్సీ లక్ష్మీబాయి, దండి యాత్ర, నేతాజీ దాకా ఇరవై రెండు భాగాలకూ ఒక్కో చిత్రం ఉంది. ప్రాథమిక హక్కుల భాగం పైన లంక జయించి సీతతో తిరిగొస్తున్న రాముడు, ఆదేశిక సూత్రాల పైన అర్జునుడికి బోధిస్తున్న కృష్ణుడు.

ఈ బొమ్మల మీద 2025 ఫిబ్రవరిలో రాజ్యసభలో వాదన జరిగింది. ఇప్పుడు అమ్ముతున్న ప్రతుల్లో చిత్రాలు లేకపోవడం తప్పనీ, అవీ రాజ్యాంగంలో భాగమేననీ ఒక పక్షం. బొమ్మలు ఈ నేల చరిత్రను అక్షరాలతో కలుపుతాయని వాళ్ల వాదన. రెండో పక్షం ఇలా అంటుంది: కోర్టు తీర్పు చెప్పేది అక్షరాన్ని బట్టి, పై అంచున ఉన్న చిత్రాన్ని బట్టి కాదు. ఏదో ఒక బొమ్మను పట్టుకుని హక్కు ఫలానా సంప్రదాయానిదే అనడం, మిగతా ఇరవై ఒకటినీ దాచిపెట్టడమే. నాకైతే ఇక్కడ నందలాల్ పడిన తిప్పలే ఆసక్తిగా అనిపిస్తాయి. హక్కు అనే కనబడని వస్తువును గీయమంటే ఆయనంతటి వాడు కూడా నేరుగా గీయలేదు, జనానికి తెలిసిన కథను ఆసరా చేసుకున్నాడు.

అలవాటైన బొమ్మ మారితే ఎంత గొడవో న్యాయదేవత విషయంలో చూశాం. సుప్రీంకోర్టు జడ్జీల లైబ్రరీలో పెట్టిన కొత్త విగ్రహానికి కళ్ల గంతలు లేవు, చేతిలో కత్తి బదులు రాజ్యాంగం ఉంది. చట్టం గుడ్డిది కాదు, అందరినీ సమానంగా చూస్తుందని చెప్పడానికే ఆ మార్పు అన్నారు. తమను అడక్కుండా మార్చారని సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ 2024 అక్టోబర్‌లో అభ్యంతరం చెప్పింది. మన చార్టుల మీద మాత్రం ఆమె ఇంకా గంతలు విప్పలేదు.

చెప్పే బొమ్మ, చూసిన బొమ్మ, నిలదీసే బొమ్మ

హక్కుల బొమ్మలన్నిటినీ ఒకే గాటన కట్టడంతో సగం వాదనలు పుడతాయి. అవి చేసే పనులు మూడు.

కొన్ని సమాచారం చెబుతాయి. నోటా గుర్తు, స్టేషన్ పోస్టర్ ఈ కోవలోవి. వీటికి అందం కన్నా స్పష్టత ముఖ్యం. తప్పుంటే దిద్దాలి.

కొన్ని సాక్ష్యం చెబుతాయి. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మిడ్నపూర్ పల్లెలు తిరిగి, ఆకలితో చచ్చిపోతున్నవాళ్లను సిరాతో గీశాడు. ఆ బొమ్మలతో వేసిన చిన్న పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఫొటో జర్నలిజం కూడా ఇక్కడికే వస్తుంది. వీటికి నిజం ముఖ్యం, గీత ఎంత వంకరైనా సరే.

కొన్ని నిలదీస్తాయి. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్‌లో అబూ అబ్రహాం వేసిన కార్టూన్‌లో రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చునే ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి, కాగితం తలుపు సందులోంచి అందిస్తుంటాడు. అలా జరిగిందని ఎవరూ అనుకోరు. అది సాక్ష్యం కాదు, వెక్కిరింత. అతిశయోక్తే దాని పనిముట్టు. వెక్కిరించే బొమ్మను పట్టుకుని 'ఇది నిజమా?' అని అడగడం ఎంత పొరపాటో, సాక్ష్యం చెప్పే బొమ్మలో అతిశయోక్తి కలపడం అంత నేరం.

గోడ ఎవరిదైతే మాట వాళ్లదేనా?

విశాఖలో గోడ బొమ్మ వేయడం మాటలు కాదు. బీచ్ దగ్గర ఉప్పు గాలికి పాత రంగు పెచ్చులు లేచిపోతుంది. గోకి, కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ కొట్టాలి. తర్వాత సుద్దముక్కతో గోడంతా గళ్లు గీసుకుని, కాగితం మీది చిన్న బొమ్మను గడి గడికీ పెంచుకుంటూ పైకెక్కిస్తారు. ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసి బతికి, ఫ్లెక్సీలు వచ్చాక పని పోయినవాళ్లు, ఫైన్ ఆర్ట్స్ చదివిన కుర్రాళ్లు ఈ పనిలో పక్కపక్కనే కనబడతారు. ఇంత ఖర్చు ఎవరు పెడతారు? కార్పొరేషనో, పోర్టో, ఏదో కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధో. డబ్బిచ్చినవాళ్లకు వివాదం అక్కర్లేదు. కాబట్టి గోడల మీద చేపలు, జలాంతర్గామి, యోగాసనాలు, స్వచ్ఛ భారత్, అరకు థింసా నృత్యం.

ఆ థింసా దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా అడుగులేస్తున్న గిరిజన మహిళలు ఈ నగరం గోడల మీద కావలసినంతమంది ఉన్నారు. అదే మన్యం నుంచి, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, సుప్రీంకోర్టు 1997 జులై 11న చారిత్రక తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు మైనింగ్ కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదంది. దేశంలో గిరిజనుల భూమి హక్కు గురించి ఎవరు మాట్లాడినా ఈ తీర్పు ఎత్తకుండా ఉండరు. ఆ హక్కుకు మాత్రం గోడ మీద నేనెక్కడా బొమ్మ చూడలేదు. ఆడే గిరిజనురాలు అలంకారంగా పనికొస్తుంది, భూమి నాదనే గిరిజనురాలు పనికిరాదు.

దీనికి అధికారుల వైపు నుంచి వచ్చే జవాబునూ కొట్టిపారేయలేం. పబ్లిక్ గోడ అందరిదీ. ఒక వర్గం నినాదానికి చోటిస్తే రేపు ఇంకో వర్గం అడుగుతుంది, ఎల్లుండి పార్టీలు దిగుతాయి. బహిరంగ ప్రదేశాలను పాడుచేయకుండా 1997లోనే రాష్ట్ర చట్టం ఉంది. ఎన్నికలప్పుడు గోడరాతలను చెరిపేసేదీ దాన్ని పట్టుకునే. రోడ్ల మీద, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విగ్రహాలతో కిటకిటలాడే బీచ్ రోడ్డున్న ఊళ్లో ఆ మాట బాగానే అర్థమవుతుంది. ఎవరి గోడా కాని గోడ మీద కూడా నాయకుల ముఖాలు పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతూ వేలాడతాయి కదా, దానికేం చట్టం అంటారా? ఫ్లెక్సీలను నిషేధిస్తామని 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించింది విశాఖలోనే. ఆ తర్వాత సంగతి మీ సెంటర్లో తలెత్తి చూస్తే తెలుస్తుంది.

గోడ దొరకనివాళ్లు మనుషులున్న చోటికి వెళతారు. నగర కార్పొరేషన్ (జీవీఎంసీ) ఆఫీసు ఎదుట గాంధీ విగ్రహం దగ్గర ధర్నాల్లో ప్లకార్డులు, దిష్టిబొమ్మలు, మెడలో ఉరితాళ్లు, నోటికి నల్లగుడ్డ, అన్నీ దృశ్యకళే. కాకపోతే సాయంత్రానికి సర్దేస్తారు. 1966 నాటి 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' నినాదానికి అసలు బొమ్మే అక్కర్లేకపోయింది. ఉక్కు ఫ్యాక్టరీలో పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక, అదే నినాదం మళ్లీ బ్యానర్లకెక్కింది.

వెంకటాపురం ఉదాహరణ: ఒకే హక్కు, మూడు రకాల బొమ్మలు

ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు నలుగురు గోపాలపట్నం దగ్గర ఒక ప్రహరీ మీద జీవించే హక్కు గురించి బొమ్మ వేయాలనుకున్నారనుకుందాం. అక్కడ ఆ హక్కుకు ఒక తేదీ ఉంది: 2020 మే 7. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి తెల్లవారుజామున స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊళ్లోకి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు.

మొదటి ఆలోచన: ఆ ఉదయం ఫోన్లలో తిరిగిన ఫొటోలను పెద్దవి చేసి గీయడం. రోడ్డు మీద పడిపోయిన ఆడవాళ్లు, భుజాన పిల్లల్ని వేసుకుని పరిగెత్తే మనుషులు. చూసినవాళ్ల గుండె జారుతుంది, అందులో సందేహం లేదు. కానీ అదే వీధిలో ఆ కుటుంబాలు బతుకుతున్నాయి. ఒక తల్లి పాలప్యాకెట్ కోసం బయటికొచ్చిన ప్రతిసారీ తన కూతురు పడిపోయిన బొమ్మ చూడాలా? స్పృహ తప్పి, బట్టలు చెదిరి పడి ఉన్న మనిషి ఆ ఫొటోకు ఒప్పుకోలేదు. బొమ్మకూ ఒప్పుకోలేదు. హక్కుల పేరుతో ఆమె గౌరవాన్ని తీసేస్తున్నామా అన్నది నిజమైన ప్రశ్న. దీనికి ఎదురు వాదనా గట్టిదే: భోపాల్ గ్యాస్ ఘోరం ప్రపంచానికి ఎక్కింది మట్టిలో పూడ్చబోతున్న పసిబిడ్డ ముఖం ఫొటోతోనే. అది చూపించకపోతే ఆ ఘోరం అంకెగా మిగిలేది. రెండు వాదనలకూ తలవంచి, కనీసం ఇంటింటికీ వెళ్లి అడగడం అన్న పద్ధతి ఒకటుంది. లైంగిక నేరాల బాధితుల విషయంలోనైతే ఊరికే అడిగితే చాలదు. బాధితుల రాతపూర్వక అనుమతి లేకుండా పేరు గానీ పోల్చుకునే ఆనవాలు గానీ బయటపెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ నిషేధిస్తుంది, పిల్లల విషయంలో పోక్సో చట్టం ఆ నిషేధం పెట్టింది.

రెండో ఆలోచన: స్మారకం. భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఎదురుగా డచ్ శిల్పి రూత్ వాటర్‌మన్ చేసిన తల్లి విగ్రహం ఉంది. అది ఫలానా మనిషిది కాదు, అందుకే అందరిదీ అయింది. ఇందులో ఎవరి గౌరవానికీ భంగం లేదు. కానీ మళ్లీ ఫ్యాక్టరీ నుంచి వాసనొస్తే ఏం చేయాలో స్మారకం చెప్పదు.

మూడోది సమాచారం. ప్రమాదంపై రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, ఊళ్లోవాళ్లను లేపడానికి సైరన్ మోగకపోవడం. భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన పదార్థాలు వాడే యాజమాన్యం వాటి వివరాలు, ప్రమాదం జరిగితే చేయాల్సినవి కార్మికులకే కాదు, చుట్టుపక్కల ఉండే జనానికి కూడా చెప్పితీరాలన్నది దాని సారం. అంటే ఫ్యాక్టరీలో ఏం నిలవుందో తెలుసుకోవడం ఆ వీధివాళ్ల హక్కు. ఇప్పుడు ఆ గోడ మీద నాలుగు గళ్లు ఊహించండి. మొదటి గడిలో ట్యాంకు, దానిమీద లోపలున్నదాని పేరు తెలుగులో. రెండో గడిలో మోగుతున్న సైరన్, పక్కనే 'నెలకోసారి మోగించి చూపించమని అడగండి'. మూడో గడిలో గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా వెళుతున్న కుటుంబం. నాలుగో గడిలో అర్జీ పట్టుకున్న ఒక మనిషి, ఆ అర్జీ మీద ఏ అధికారికి రాయాలో అచ్చంగా ఆ హోదా.

నా ఓటు మూడోదానికే. పోటీలో మాత్రం బహుమతి మొదటిదానికి వస్తుందని కూడా తెలుసు. ఏడిపించే బొమ్మకు జడ్జీలు త్వరగా లొంగుతారు.

చట్టం ఎక్కడ గీత గీస్తుంది

19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛలో బొమ్మ, కార్టూన్, శిల్పం అన్నీ వస్తాయి. 19(2) దానికి ఎనిమిది కారణాల మీద సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చంటుంది: దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం. 'ఎవరి మనసైనా నొచ్చుకోవడం' ఈ జాబితాలో విడిగా లేదు. అయినా కేసులు ఎక్కువగా అక్కణ్ణుంచే పుడతాయి.

ఎం.ఎఫ్. హుస్సేన్ చిత్రాల మీద కేసులను ఢిల్లీ హైకోర్టు 2008 మేలో కొట్టేసింది. నగ్నత్వం ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదంది. కార్టూనిస్ట్ అసీమ్ త్రివేది మీద 2012లో రాజద్రోహం కేసు పెట్టారు. హింసకు ప్రేరేపించనంతవరకు కార్టూన్ రాజద్రోహం కాదని బాంబే హైకోర్టు 2015లో చెప్పింది. చివరికి కోర్టులు కళాకారుడి వైపే నిలిచాయి కదా అని సంతోషపడేలోపు రెండో ముఖం కనబడుతుంది. హుస్సేన్ 2006లో దేశం వదిలి వెళ్లి మళ్లీ రాలేదు, 2011లో లండన్లో చనిపోయారు. తీర్పు గెలిపించింది, కేసు వెళ్లగొట్టింది. మనసు నొచ్చుకున్నామన్న వాళ్లందరూ నటిస్తున్నారని కూడా అనలేం. విశ్వాసం నిజమైనదైతే నొప్పీ నిజమైనదే. ఆ నొప్పికి జవాబు విమర్శా, నిరసనా, జైలా అన్న దగ్గరే అసలు తేడా.

ఒక నత్త, రెండు కొరడాలు

1949లో కార్టూనిస్ట్ శంకర్ వేసిన కార్టూన్ ఒకటుంది. రాజ్యాంగం అని రాసిన నత్త మీద అంబేద్కర్ కొరడా పట్టుకుని కూర్చుంటారు. వెనక నెహ్రూ కూడా కొరడా ఎత్తి ఉంటారు. చుట్టూ జనం చూస్తుంటారు. రాజ్యాంగ రచన నత్తనడక నడుస్తోందన్నది ఆనాటి వెక్కిరింత. 2012లో ఇది పదకొండో తరగతి రాజనీతిశాస్త్రం పాఠ్యపుస్తకంలో ఉందని పార్లమెంటులో పెద్ద దుమారం రేగింది. ప్రభుత్వం దాన్ని తొలగిస్తామంది. పుస్తకం ముఖ్య సలహాదారులు ఇద్దరు రాజీనామా చేశారు.

పుస్తకం పక్షం వాదన: నెహ్రూ కొట్టబోతున్నది నత్తనే. ఇంత ఆలస్యం ఎందుకైందో, చర్చ ఎంత లోతుగా జరిగిందో పక్కనున్న పాఠమే పిల్లలకు వివరిస్తోంది. వెక్కిరింతను తట్టుకోవడం నేర్పకపోతే ప్రజాస్వామ్యం ఏం నేర్పినట్టు? దళిత నాయకుల, రచయితల అభ్యంతరం: వెనక నుంచి అగ్రవర్ణ నాయకుడు కొరడా ఎత్తినట్టున్న బొమ్మలో, ముందున్న మనిషి అంబేద్కర్ అయినప్పుడు, ఆ కొరడాకు వేల ఏళ్ల చరిత్ర వెంటబడి వస్తుంది. క్లాసులో ఆ బొమ్మ చూసి పక్కవాళ్లు నవ్వితే దళిత విద్యార్థి ఏమనుకోవాలి? ఒక పక్షం కార్టూనిస్టు ఉద్దేశం చూస్తోంది, రెండో పక్షం చూసేవాడు నిలబడ్డ చోటు చూస్తోంది. తీసేయడం పరిష్కారమని నేను అనుకోను. కానీ అభ్యంతరం చెప్పినవాళ్లకు హాస్యం అర్థం కాలేదన్న మాట మాత్రం అన్యాయం. వాళ్లకు మిగతావాళ్లకన్నా ఎక్కువే కనబడింది.

దీనివల్ల ఏమైనా మారుతుందా?

1937లో గెర్నికా పట్టణం మీద బాంబులు పడ్డాక పికాసో వేసిన చిత్రం ఏ యుద్ధాన్నీ ఆపలేదు. అయినా 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి ఇరాక్ యుద్ధం గురించి మాట్లాడేముందు, ఐక్యరాజ్యసమితిలో ఉన్న దాని నేసిన ప్రతిని నీలి తెరతో కప్పారు. టీవీ కెమెరాలకు వెనక సాదా రంగు కావాలన్నారని ఒక వివరణ. బాంబుల బొమ్మ ముందు నిలబడి యుద్ధం గురించి మాట్లాడలేకే అని విమర్శకులు. ఇలాంటివి చూపించి బొమ్మకు గొప్ప శక్తి ఉందనడం కళాభిమానులకు అలవాటు. తెరతో కప్పారు కాబట్టో, చిత్తప్రసాద్ పుస్తకంలా తగలబెట్టారు కాబట్టో పనిచేసిందనుకోవడం తొందరపాటు. భయపడినవాడి సంగతి తెలిసింది గానీ చూసినవాడిలో ఏం మారిందో తెలియలేదు.

చిత్రకారుల్లోనే దీనిమీద రెండు మాటలున్నాయి. సందేశం కోసం గీస్తే బొమ్మ కరపత్రం అయిపోతుంది, పదేళ్లకు దాన్నెవరూ చూడరు అంటారు కొందరు. గ్యాలరీలో వైన్ గ్లాసు పట్టుకుని చూసేవాళ్ల కోసం గీసింది ఎన్నేళ్లు నిలిస్తే ఎవరికి లాభం అంటారు ఇంకొందరు. ప్రచారం నడిపే సంస్థలకు ఈ గొడవే పట్టదు. వాళ్ల నివేదికలో ఎన్ని గోడలు, ఎన్ని చదరపు అడుగులు, ఎంతమంది విద్యార్థులు అన్న లెక్కే ఉంటుంది. అడగాల్సిన లెక్క వేరే: బొమ్మ వేసిన ఆర్నెల్లకు ఆ వీధిలో సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తులు పెరిగాయా, ఓటరు జాబితాలో పేరు లేదని ఎంతమంది వెళ్లి అడిగారు, స్టేషన్లో 'కెమెరా ఫుటేజీ చూపించండి' అన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? కష్టమైన లెక్కే, కానీ అసాధ్యం కాదు.

ఏఐ బొమ్మ వచ్చాక

ఇప్పుడు చార్టు పోటీల్లో కూడా ఫోన్లో ఏఐ తీసిన బొమ్మను చూసి దింపేస్తున్నారు. సంకెళ్లు, పావురం ఇంకా నున్నగా వస్తున్నాయి, అంతే. సమాచారం చెప్పే బొమ్మకు దీనితో పెద్ద ప్రమాదం లేదు, అక్షరాలు సరిచూసుకుంటే చాలు. వెక్కిరించే బొమ్మకూ కొంతవరకు ఫరవాలేదు, నిజం ముఖం పెట్టి మోసం చేయనంతసేపు. దెబ్బ తగిలేది సాక్ష్యం చెప్పే బొమ్మకు. ఒక లాఠీచార్జి మీద జాలి పుట్టించడానికి ఎవరో ఒక్క ఏఐ ఫొటో తయారు చేసి గ్రూపుల్లో వదిలారనుకోండి. అది నకిలీ అని తేలిన క్షణం, అదే రోజు నిజంగా దెబ్బలు తిన్నవాళ్లు తీసుకున్న ఫొటోలను కూడా 'ఇదీ ఏఐయే' అని తోసేయడానికి అవతలివాళ్లకు దారి దొరుకుతుంది. అందుకని ఫొటోను సాక్ష్యంగా వాడాలనుకునేవాళ్లు వాట్సాప్‌లో తిరిగిన కాపీ కాకుండా ఫోన్లోని అసలు ఫైలును, తీసిన తేదీ, సమయం వివరాలు చెరగకుండా దాచుకోవాలి. ఏఐతో వేసిన బొమ్మ అయితే ఆ సంగతి దాని మీదే రాయాలి.